పట్టా, దన్ను, వెట్టి: నల్లగొండ, మహబూబ్‌నగర్ మెరక ప్రాంతంలో బండి ఇనుప పని చరిత్ర

వ్యాస సంగ్రహం:
దక్షిణ తెలంగాణ మెరక ప్రాంతంలో బాట లేని చోట నడిచిన మొదటి వాహనం ఎడ్లబండి. ఆ బండి విరగకుండా నిలవడానికి కమ్మరి చేసిన ఇనుప పట్టాలు, బిగింపులు, దన్ను ముక్కలు గ్రామీణ సాంకేతిక చరిత్రలో ముఖ్యమైన భాగం. అయినా తెలంగాణ సామాజిక చరిత్ర రచనలో బండి వెట్టికి సాక్ష్యంగా కనిపించినంతగా, దానిని నిలబెట్టిన చేతిపని కనిపించదు. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నేల స్వభావం, చక్రానికి పట్టా ఎక్కించే విధానం, మేర-వెట్టి సంబంధాలు, రోడ్డు విధానాలు, సాగర్ కాలువల తరువాత వచ్చిన ట్రాక్టర్ ట్రాలీల తయారీ అనే అంశాల ఆధారంగా ఆ పని చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కొలిమి అంతరించిందన్న ప్రసిద్ధ అభిప్రాయాన్ని కొంత సవరించవలసి ఉందని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కమ్మరి, ఎడ్లబండి, పట్టా, వెట్టి, మేర, ట్రాలీ, వెల్డింగ్, దక్షిణ తెలంగాణ.

1. నేల, బాట, కర్ర

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు చాలావరకు కృష్ణా నదికి ఉత్తరాన పరచుకొన్న రాతి మెరక. అడుగున గ్రానైటు, నైస్ శిలలు. పైన చాలా చోట్ల పలుచని చల్క, దుబ్బ నేలలు. కృష్ణ, తుంగభద్ర తీరాలలోను, పల్లపు భాగాలలోను నల్లరేగడి. మూసీ, డిండి వంటి ఏర్లు, లెక్కలేనన్ని వాగులు ఈ మెరకను కోసుకొంటూ పోతాయి. ఈ నేల మీద బండి ఎదుర్కొన్న కష్టం ఒక్కటి కాదు, మూడు. చల్కలో బండరాయి అంచు మీది నుంచి చక్రం జారి పడుతుంది. వాగులో ఇసుక పట్టుకొంటుంది. వానాకాలం రేగడి చక్రానికి అంటుకొని రెట్టింపు బరువవుతుంది. మైదాన ప్రాంతపు బండికి బరువు మోయడమే ప్రధాన పరీక్ష అయితే, ఇక్కడి బండికి పక్కవాటు దెబ్బ తట్టుకోవడం అంతకు మించిన పరీక్ష. రాతి అంచు మీది నుంచి ఒక చక్రం కిందికి పడినప్పుడు బరువంతా ఒక పక్కకు ఒరిగి, ఇరుసు చివరను, చక్రపు ఆకులను అడ్డంగా విరవడానికి చూస్తుంది. బండి ఏ చోట విరుగుతుందో రైతుకూ తెలుసు, కమ్మరికీ తెలుసు. ఇనుము పడింది ఆ చోట్లలోనే.

వాతావరణం నాలుగో శత్రువు. ఎండాకాలపు పొడిగాలికి కర్ర ముడుచుకొంటుంది. కర్ర ముడుచుకొన్నప్పుడు దానిని చుట్టిన ఇనుము ముడుచుకోదు. పట్టా వదులై గలగలలాడుతుంది. వేసవిలో చక్రాలను విప్పి చెరువులోనో కుంటలోనో నానవేయడం ఈ కారణం చేతనే. చెరువు ఎండిన సంవత్సరం ఆ అవకాశం కూడా ఉండదు. కరవు మనిషిని, పశువును మాత్రమే కాక చక్రాన్ని కూడా పట్టి పీడించేదన్న సంగతి కరవు చరిత్రలలో కనబడదు.

కర్ర ఎంపికలో స్థానిక జ్ఞానం స్పష్టంగా కనిపిస్తుంది. ఊరి పొలిమేరలో దొరికే నల్లతుమ్మ గట్టిది, దెబ్బకు ఓర్చేది. చక్రపు భాగాలకు దానినే ఎక్కువగా వాడేవారు. ఇరుసుకు చిరుమాను పేరు పొందింది. నల్లమల అడవిలో విరివిగా పెరిగే ఈ చెట్టుకు ఆంగ్లంలో ఉన్న పేరే ‘ఆక్సిల్‌వుడ్’, అనగా ఇరుసుకర్ర. వృక్షశాస్త్ర గ్రంథాలలోకి ఆ పేరు ఎక్కే నాటికే ఇక్కడి వడ్రంగి ఆ కర్రను ఏ పనికి వాడాలో నిర్ణయించుకొని ఉన్నాడు. శాస్త్రం పెట్టిన పేరు చేతిపని ఇచ్చిన సమాచారమే.

2. ఇనుము వచ్చిన దారులు

ఈ ప్రాంతానికి ఇనుము కొత్తది కాదు. నాగార్జునసాగర్ జలాశయంలో మునిగిన ఏలేశ్వరంలో జరిపిన తవ్వకాలలో బృహత్ శిలాయుగపు సమాధుల నుంచి ఇనుప వస్తువులు లభించాయి. మధ్యయుగపు గ్రామ వృత్తుల వారిని తెలిపే ‘అష్టాదశ ప్రజ’లో కమ్మరి ఒకడు. ఉత్తర తెలంగాణలోని కోనసముద్రం ఉక్కు పశ్చిమాసియా కత్తుల తయారీదారుల వరకు ప్రసిద్ధమైనది; 19వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో లాంబ్టన్ సర్వే బృందంలో పనిచేసిన హెన్రీ వోయ్‌సీ ఆ తయారీని చూసి వివరంగా నమోదు చేశాడు. అయితే కత్తికి పనికివచ్చే ఉక్కు వేరు, బండి పట్టాకు కావలసిన ఇనుము వేరు. మొదటిది అంచు నిలవడానికి గట్టిగా ఉండాలి. రెండవది వంగాలి, సాగాలి, అతుక్కోవాలి. తెలంగాణ లోహ చరిత్ర అనగానే పరిశోధకుల దృష్టి కోనసముద్రం మీదికి పోవడం సహజమే. కాని ఊరూరా వాడుకలో నిలిచింది మెత్తని ఇనుమే. దానికి ప్రయాణికుల వర్ణనలు లేవు, విదేశీ ప్రదర్శనశాలలు లేవు.

రైలు వచ్చిన తరువాత పరిస్థితి మారింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు, 1889 నాటికి బెజవాడ దిశగా రైలుమార్గం ఏర్పడింది. కొలతకు కోసిన దిగుమతి ఇనుప బద్దలు సంతలకు చేరాయి. స్థానికంగా రాయి కరిగించి ఇనుము తీసే వృత్తి దెబ్బతిన్నదని చెప్పుకోవలసిన ఘట్టం ఇదే. కాని అదే ఘట్టంలో ఊరి కమ్మరి పని పెరిగింది. ఒకే మందం, ఒకే వెడల్పు గల పొడవైన బద్ద దొరికితేనే చక్రమంతటికీ ఒక్కటే పట్టా వేయడం సులువు. వలస వాణిజ్యం ఒక చేతిని విరిచి మరొక చేతికి పని ఇచ్చిందనడం ఇక్కడ అతిశయోక్తి కాదు. నల్లగొండ పట్టణానికి మాత్రం రైలు 20వ శతాబ్దపు చివరి పాదంలో గాని రాలేదు. భువనగిరి, జనగామ స్టేషన్ల నుంచి లోపలి తాలూకాలకు సరుకు చేర్చింది ఎడ్లబండే. తనకు కావలసిన ఇనుమును తానే మోసుకువచ్చింది.

3. పట్టా ఎక్కించుట

బండి చక్రం వడ్రంగి, కమ్మరి కలిసి చేసే వస్తువు. నడిమి నాభి, దాని నుంచి వెలువడే ఆకులు, వాటి చివరలను కలిపే వంపు చెక్కలు వడ్రంగి పని. ఈ ముక్కలన్నీ కాడలు, తొలులుగా ఒకదానిలో ఒకటి దిగి ఉంటాయే తప్ప వాటిని శాశ్వతంగా బిగించేది చక్రంలో ఏదీ లేదు. వాటిని ఒక్కటిగా చేసేది పట్టా.

కొలత ఈ పనిలో కీలకం. కమ్మరికి టేపు లేదు. చక్రపు అంచున ఒక గుర్తు పెట్టి, నేల మీద పరచిన ఇనుప బద్ద పొడవునా దానిని ఒక్క చుట్టు దొర్లిస్తాడు. గుర్తు మళ్ళీ నేలను తాకిన చోటు చక్రపు నిజమైన చుట్టుకొలత. ఆ కొలతకు బద్ద కోస్తే పట్టా పనికిరాదు. అతుకు కోసం కొంత కలుపుకోవాలి. బిగువు కోసం కొంత తగ్గించుకోవాలి. ఎంత తగ్గించాలన్నది కర్ర పచ్చిదా ఎండినదా, ఆకుల కీళ్ళు ఎంత వదులుగా ఉన్నాయి అన్న దానిని బట్టి కమ్మరి నిర్ణయం. బద్దను వలయంగా వంచి, రెండు కొసలను కొలిమిలో తెల్లగా కాచి, మీద ఇసుక చల్లి, దాగలి మీద సమ్మెట దెబ్బలతో ఒక్కటి చేస్తారు. ఇసుక కరిగి ఇనుము మీది మరకను కడిగివేస్తుంది. ఇది వెల్డింగే, విద్యుత్తు లేదు, అంతే తేడా.

ఆ పైన ఎక్కింపు. పట్టాను నేల మీద పరచి, చుట్టూ పిడకలు పేర్చి నిప్పు పెడతారు. చక్రం పక్కనే సిద్ధంగా ఉంటుంది. లోహం సమానంగా కాగి ఎర్రబడిన తరువాత ముగ్గురో నలుగురో పట్టకార్లతో లేపి చక్రం మీద వేస్తారు. కర్ర మండడం మొదలవుతుంది. వెంటనే నీళ్ళు పోస్తారు. ఇనుము ముడుచుకొంటూ వంపు చెక్కలను, ఆకులను నాభి వైపు నొక్కుతుంది. కీళ్ళు బిగిసే చప్పుడు పైకి వినిపిస్తుంది.

ఇందులోని లెక్క చూడదగినది. ఇనుము ఒక్కొక్క డిగ్రీ సెంటీగ్రేడుకు తన పొడవులో పది లక్షలకు దాదాపు 12 వంతులు సాగుతుంది. 5 అడుగుల వ్యాసం గల చక్రపు చుట్టుకొలత సుమారు 15 అడుగుల 8 అంగుళాలు. పట్టాను 600 డిగ్రీల మేరకు వేడిచేస్తే అది సాగేది అంగుళం పైన మూడో వంతు. కమ్మరికి ఉన్న వెసులుబాటు అంతే. అంతకు మించి తగ్గించి కోస్తే కాగిన పట్టా కూడా చక్రం మీదికి ఎక్కదు. ఎక్కినా చల్లారేటప్పుడు ఆకులను వంచుతుంది. తక్కువ తగ్గిస్తే మొదటి వేసవిలోనే ఊడి పడుతుంది. 15 అడుగుల మీద ఒక అంగుళంలో తప్పు జరగకుండా, కొలబద్ద లేకుండా చేసిన పనిని ‘సంప్రదాయ నైపుణ్యం’ అన్న ఒక్క మాటతో సరిపెట్టడం అన్యాయం.

పట్టా తరువాత చిన్న ఇనుము. నాభి పగలకుండా దాని రెండు కొసలకు వలయాలు. నాభి లోపల కర్రను ఇరుసు అరగదీయకుండా ఇనుప గొట్టం. చక్రం జారిపోకుండా ఇరుసు కొసకు కడశీల. కర్ర ఇరుసు కింద పొడవునా ఒక బద్ద. నొగలు బండి చట్రంతో కలిసే చోట వంచిన మూల పట్టీలు, బిగింపులు. ఈ మూల పట్టీలే నేటి వర్క్‌షాపు భాషలో బ్రాకెట్లు. ఇవి ఏ బండికి ఆ బండికి కొలిచి చేసినవి, ఒకదానివి మరొకదానికి సరిపోవు.

వీటిని అమర్చడంలో ఒక నియమం కనిపిస్తుంది. బలం అవసరమైన చోట కర్రకు రంధ్రం వేయడం కన్నా పట్టీతో చుట్టడం మేలు. రంధ్రం వేసిన చోట కర్ర మందం తగ్గుతుంది, చీలిక అక్కడి నుంచే మొదలవుతుంది. లోహపు చాసీల విషయంలో కూడా నేడు ఇదే పాటిస్తారు. చాసీ చానలు పై రెక్కకు, కింది రెక్కకు రంధ్రాలు వేయకూడదు. బాడీని యూ బోల్టులతో చుట్టి బిగించాలి. ఈ రెండింటి మధ్య ఎవరూ పాఠం చేరవేయలేదు. వంగే దూలంలో ఎక్కువ ఒత్తిడి పై, కింది అంచుల మీద పడుతుంది; కర్ర అయినా ఉక్కు అయినా అదే చోట విరుగుతుంది.

4. మేర, వెట్టి, బండి

పై పనికి కమ్మరికి ముట్టినది ఎంత? గ్రామ వృత్తుల వ్యవస్థలో నాగలి కర్రు సాగగొట్టడం, కొడవలి, గొడ్డలి నూరడం వంటి పనులకు పంట సమయంలో రైతులు ఇచ్చే ధాన్యమే ప్రతిఫలం. ఈ ప్రాంతంలో దానికి మేర అని పేరు. కొత్త బండి, కొత్త చక్రాలు సాధారణంగా మేరలో చేరవు. అది ఏటేటా వచ్చే పని కాదు. దానికి వేరే కూలి, ఇనుము రైతుది, పిడకలు రైతువి. ఎస్.సి. దూబే 1955లో ప్రచురించిన ‘ఇండియన్ విలేజ్’ హైదరాబాదు సమీపంలోని శామీర్‌పేట ఆధారంగా ఇలాంటి ధాన్యపు చెల్లింపుల సంబంధాలను వివరించింది. అయితే శామీర్‌పేట నగరానికి దగ్గర. దొరల గడీలు రాజ్యమేలిన సూర్యాపేట, జనగామ తాలూకాలకు ఆ చిత్రాన్ని యథాతథంగా వర్తింపజేయరాదు. అక్కడ మేర పక్కనే వెట్టి ఉంది.

పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువరించిన తెలంగాణ పోరాట చరిత్రలో వెట్టి వివరాలు కులం వారీగా ఉన్నాయి. వడ్రంగులు, కమ్మరులు దొరకు కావలసిన వ్యవసాయ పనిముట్లన్నీ ఉచితంగా సమకూర్చాలి. దొర బండి కదిలితే దళితులు దాని ముందు వెనుకల పరుగెత్తాలి. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చదివితే ఒక విషయం స్పష్టమవుతుంది. పరుగెత్తిన మనిషి, పరుగు పెట్టించిన బండికి పట్టా వేసిన మనిషి ఒకే వ్యవస్థకు బందీలు. పోరాట చరిత్రలు మొదటి దృశ్యాన్ని పదే పదే స్మరించాయి, అది న్యాయమే. రెండవది జాబితాలో ఒక వాక్యంగా మిగిలిపోయింది.

సర్కారు వెట్టి మరొకటి. పర్యటనకు వచ్చే ఉద్యోగులకు, వారి సామానుకు రైతుల బండ్లను, ఎడ్లను పట్టుకోవడం మామూలు. బాడుగ ఇవ్వాలని నిబంధనలున్నా ఇచ్చినవారు తక్కువ. బండి వెట్టిలో పోయినప్పుడు రైతుకు జరిగే నష్టం రోజు కూలి మాత్రమే కాదు. ఇరుసు విరిగితే, పట్టా ఊడితే ఆ ఖర్చు ఎవరిది? అధికారిది కాదు. రైతు మళ్ళీ కమ్మరి దగ్గరికి రావలసిందే. రైతు చేతిలో పైకం లేనప్పుడు ఆ పని అప్పుగానో, మేరలో కలిపివేసిన ఉచితంగానో జరిగి ఉండాలి. వెట్టి భారం ఒకరి నుంచి మరొకరికి ఇలా దొర్లుతూ పోయే తీరును బండి ద్వారా గుర్తించవచ్చు. వెట్టిని దొరకూ ఒక కులానికీ మధ్య సంబంధంగా మాత్రమే చూసే విశ్లేషణలో ఈ దొర్లింపు కనబడదు.

1921లో ఏర్పడిన ఆంధ్రజన సంఘం, 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైన నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ వెట్టిని బహిరంగ చర్చలోకి తెచ్చాయి. మహాసభ తరువాతి సమావేశాలలో కొన్ని ఈ రెండు జిల్లాలలోనే జరిగాయి, ఉదాహరణకు: 1931లో దేవరకొండ, 1936లో షాద్‌నగర్, 1944లో భువనగిరి. 1936లోనే భగేలా ఒప్పందాల చట్టం వచ్చింది. అది అప్పుకు కట్టుబడ్డ పాలేరు గురించి. వృత్తిపని వారి ఉచిత సేవ దాని పరిధిలోకి రాదు. ఈ తేడాను గమనించకుండా 1936తో వెట్టికి చట్టపరమైన అడ్డు పడిందని రాయడం సరికాదు. కమ్మరికి సంబంధించినంతవరకు మార్పు చట్టం నుంచి కాక గ్రామం నుంచి వచ్చింది. 1946 జులై 4న, అప్పటికి నల్లగొండ జిల్లాలో ఉన్న జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్పులలో మరణించిన తరువాత వెట్టి నిరాకరణ ఊరూరా పాకింది. దొర ఇంటికి పనిముట్లు ఉచితంగా పోవడం ఆగింది. భూమి పంపకాన్ని పోరాటపు కొలమానంగా తీసుకొన్న చరిత్రకారులు ఈ ఆగడాన్ని చిన్నదిగా చూశారు. కొలిమికి మాత్రం ఇదే పెద్దది. చేసిన పనికి ధర అడిగే హక్కు వచ్చింది.

సురవరం ప్రతాపరెడ్డి మహబూబ్‌నగర్ జిల్లాకు చెందినవాడు. 1949లో వచ్చిన ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాజుల యుద్ధాల కన్నా జనుల జీవితమే చరిత్ర అన్న దృష్టితో సాగింది. తిండి, బట్ట, ఆటలు, వృత్తులు చరిత్రకు యోగ్యమైన విషయాలని ఆ గ్రంథం నిరూపించింది. దానికి ఆధారం ప్రధానంగా కావ్యాలు. కావ్యంలో దొరకని వస్తువు, పట్టా వంటిది, ఆ వలలో పడదు. ఆ దారిలో ముందుకు పోవాలంటే కొలిమి దగ్గరికే పోవాలి.

5. రోడ్డు ఇంజనీరు ఫిర్యాదు

కంకర రోడ్లు వచ్చిన తరువాత ఇనుప పట్టా నేరస్థురాలైంది. సన్నని పట్టా బరువును ఇరుకు గీత మీద నిలుపుతుంది, కంకరను నలిపి గాడి చేస్తుంది. 1927లో ఎం.ఆర్. జయకర్ అధ్యక్షతన ఏర్పడిన భారత రోడ్డు అభివృద్ధి కమిటీ తరువాత, 1934లో ఆరంభమైన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్‌లో ఎడ్లబండి చక్రం చర్చనీయాంశం. ఇంజనీర్ల వాదనలో నిజం ఉంది. కాని వారు చూసింది బండి రోడ్డు మీద నడిచే కొద్ది మైళ్ళను. బండి జీవితంలో అధిక భాగం పొలం, వాగు, బండ. వెడల్పు పట్టా రోడ్డుకు మేలు, కాని అదే వెడల్పు తడి రేగడిలో ఎక్కువ మట్టిని ఎత్తుకొంటుంది. ఇనుము ధర కూడా పెరుగుతుంది. రోడ్డును కాపాడే ఖర్చు రైతు మీద పెట్టాలన్న ప్రతిపాదన ఎందుకు నిలవలేదో ఇందులో తెలుస్తుంది.

హైదరాబాదు రాజ్యంలో 1932లో నిజాం రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రారంభమైంది. 1942లో ఏర్పడిన ఆల్విన్ సంస్థ బస్సు బాడీల నిర్మాణం చేపట్టింది. నగరంలో ఇనుప పని ఫ్యాక్టరీ కట్టడంలోకి వెళ్ళగా, మెరక గ్రామాలలో రబ్బరు నెమ్మదిగా వచ్చింది. గాలి టైర్లతో, బాల్ బేరింగులతో ఉన్న టైరుబండి బరువు తేలికగా లాగుతుంది. దానికి పంక్చరు ఉంది, తుమ్మముల్లు ఉంది. ముళ్ళ బాటల ఊళ్ళలో కర్ర చక్రం ఎందుకు అంతకాలం నిలిచిందో దీనిని బట్టి అర్థమవుతుంది. 1970లలో బెంగళూరు ఐ.ఐ.ఎం. డైరెక్టరు ఎన్.ఎస్. రామస్వామి ఎడ్లబండి ఆధునీకరణ గురించి అధ్యయనాలు చేసే నాటికి దేశంలో కోటికి మించి బండ్లు ఉన్నాయి. పాత మోటారు ఇరుసులను, చక్రాలను బండికి అమర్చడం ఆ కాలంలోనే విస్తరించింది. ఆ అమరికకు కావలసిన బిగింపులు ఏ కంపెనీ అమ్మలేదు. స్థానికంగా కొట్టి చేసినవే.

6. సాగర్ తరువాత

1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది; 1967లో కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతాలు వరి భూములయ్యాయి. కాలువ అందని దేవరకొండ, మునుగోడు, మహబూబ్‌నగర్ జిల్లాలోని అధిక భాగం మెట్టగానే ఉండిపోయాయి. రెండు రకాల నేలకు రెండు రకాల ఇనుప పని. కాలువ కింద ట్రాక్టరు దమ్ము చక్రాలు, మెట్టలో ట్రాలీలు, నీళ్ళ ట్యాంకర్లు.

దమ్ము చక్రం ఆసక్తికరమైన వస్తువు. బురదలో రబ్బరు టైరు తిరుగుతుంది గాని కదలదు. అందుకని రెండు మూడు ఇనుప వలయాలకు అడ్డంగా యాంగిల్ ముక్కలు వెల్డింగ్ చేసి, నడిమి పలకను ట్రాక్టరు ఇరుసుకు బోల్టులతో బిగిస్తారు. ట్రాక్టరు మోడలును బట్టి బోల్టు రంధ్రాల వలయం మారుతుంది. బురద లోతును బట్టి చక్రపు వెడల్పు మారుతుంది. ఆ చక్రాలతోనే తారు రోడ్డు ఎక్కితే రోడ్డు చీలిపోతుంది. వరినాట్ల కాలంలో వాటి మీద అధికారుల నిషేధ ప్రకటనలు మామూలే. 1930ల ఇంజనీరు ఫిర్యాదు మాట మార్చుకోకుండా తిరిగి వచ్చింది.

హైదరాబాదు నుంచి విజయవాడకు పోయే రహదారి మీద నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ. కర్నూలు రహదారి మీద షాద్‌నగర్, జడ్చర్ల. ఈ కూడళ్ళలో కొలిమి పక్కన వెల్డింగ్ యంత్రం, కొన్ని చోట్ల కొలిమి స్థానంలోనే యంత్రం వచ్చింది. లారీ బాడీ నిర్మాణంలో 1966లో ఏర్పడిన విజయవాడ ఆటోనగర్ దక్షిణ తెలంగాణకు దగ్గరి పాఠశాల. 1959లో వనపర్తి రాజప్రాసాదంలో మొదలైన పాలిటెక్నిక్ డిప్లొమా ఇంజనీర్లను తయారుచేసింది; రోడ్డు పక్కన ట్రాలీ కట్టేవాడు మాత్రం ఎక్కువగా మరొక షెడ్డులో పని నేర్చుకొన్నవాడు. ఈ రెండు విద్యల మధ్య రాకపోకలు తక్కువ. ఆ దూరానికి మూల్యం ట్రాలీలే చెల్లించాయి.

అందుకు ఉదాహరణ ఒకటి చాలు. ట్రాలీ చాసీ చానలు పగిలితే పగులు మీద గీతగా వెల్డింగ్ చేసి, పైన చదరపు అతుకు పలక వేయడం సర్వసాధారణం. కొన్ని నెలలలో ఆ పలక అంచునే కొత్త పగులు వస్తుంది. అతుకు బలహీనమై కాదు, అతుకు ఆగిన చోట గట్టి భాగం నుంచి పలుచని భాగానికి ఒత్తిడి ఒక్కసారిగా మారడం వల్ల. పైగా వెల్డింగ్ వేడికి పక్కనున్న లోహపు గుణం మారుతుంది. అడ్డంగా కోసిన పలకకు బదులు కొసలు సన్నబడేలా చేపతోక ఆకారంలో కోసి, చానలు నిలువు ముఖానికి మాత్రమే అతికితే ఒత్తిడి క్రమంగా పంచుకొంటుంది. లారీ కమాన్ పట్టా విషయం మరింత కఠినం. అది స్ప్రింగు ఉక్కు, కర్బనం ఎక్కువ. మామూలు రాడ్‌తో అతికితే అతుకు పక్కన గాజులా పెళుసై తెగుతుంది. ఇది పాత కమ్మరికి వేరే రూపంలో తెలుసు. విరిగిన కమాన్ పట్టా తెచ్చి కొడవలి, గొడ్డలి చేసేవాడే కాని దానిని బండి బిగింపుకు వాడేవాడు కాదు. అంచు నిలిచే ఇనుము, వంగే ఇనుము వేరన్న పాత విభజన ఇక్కడ పనిచేసింది.

అచ్చంపేట, అమ్రాబాద్ వైపు నల్లమల అంచు గ్రామాలలో మరొక వాహనం తిరిగింది. 1940ల చివర బొంబాయిలో మహీంద్రా సంస్థ విల్లీస్ జీపుల కూర్పు మొదలుపెట్టింది. ఆ వంశానికి చెందిన కమాండర్ జీపులు 1990లలో బస్సు పోని ఊళ్ళకు బస్సులయ్యాయి. వెనుక అడుగుబల్ల, పైన సామాను చట్రం, పక్కన పట్టుకొనే కడ్డీలు, వాటికి దన్ను ముక్కలు అన్నీ స్థానికపు వెల్డింగే. కంపెనీ లెక్కవేసిన బరువుకు రెట్టింపు మనుషులు ఎక్కారు. ఆ దన్నులు లేకపోతే చట్రం ఊడేది. అవి ఉండడం చేత ఇంకా నలుగురు ఎక్కారు. బలం పెంచడం భద్రత పెంచడం ఒకటి కాదన్న విషయాన్ని ఈ జీపులంత స్పష్టంగా చెప్పినది మరొకటి లేదు.

7. కొలిమి ఆరిందా?

గోరటి వెంకన్న ఇదే మహబూబ్‌నగర్ జిల్లా గౌరారం వాడు. 2002లో ‘కుబుసం’ చిత్రం ద్వారా ఇంటింటికీ చేరిన ఆయన పల్లె పాట వృత్తుల పతనానికి తెలుగునాట అత్యంత ప్రభావవంతమైన సాక్ష్యంగా నిలిచింది. దాని తరువాత వృత్తుల మీద వచ్చిన పరిశోధనలు చాలావరకు శోకగీతపు స్వరాన్నే అందుకొన్నాయి. పాటకు ఆ స్వరం తగును. పరిశోధనకు మాత్రం రెండు విషయాలను విడదీయవలసిన బాధ్యత ఉంది: కమ్మరి కుటుంబపు నష్టం ఒకటి, కమ్మరి పని మార్పు మరొకటి. మొదటిది నిజం. మేర పోయింది, నాగలి పోయింది, ఊరి కొలిమికి నిత్యం వచ్చే పని పోయింది. రెండవది అంత సూటిగా లేదు. వాహనాన్ని నేలకు తగినట్టు బలపరిచే పని ఆగలేదు, రోడ్డు పక్కకు కదిలింది. ఆ కదలికలో అది కులవృత్తి కాకుండా పోయింది. యంత్రం కొనగలిగినవాడు, షెడ్డు అద్దె కట్టగలిగినవాడు ఎవరైనా ఆ పని చేస్తున్నాడు. విశ్వకర్మ కుటుంబాల యువకులలో కొందరు అందులో యజమానులయ్యారు, మరికొందరు కూలీలయ్యారు. ఈ నిష్పత్తిని గ్రామాల వారీగా లెక్కించే అధ్యయనానికి రెండు జిల్లాలూ అనువైన క్షేత్రం.

చట్టం ఈ పనిని చూసే తీరు కూడా మారింది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ వాహనాల ముందు బిగించే ఇనుప కడ్డీల చట్రాలను అక్రమమని ప్రకటించింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు తయారీదారు నిర్దేశించిన నిర్మాణాన్ని యజమాని మార్చడానికి వీలులేదని స్పష్టం చేసింది. పాదచారి ప్రాణం దృష్ట్యా ముందు కడ్డీల నిషేధం సమంజసం. అయితే తయారీదారు లెక్కవేసిన బాట, అమ్రాబాద్ బాట ఒకటి కావు. దన్ను ముక్క ఎక్కడ మరమ్మతు, ఎక్కడ మార్పు అన్న గీతను చట్టం గీయదు. షెడ్డులో కూర్చున్నవాడు ప్రతిరోజూ గీయాలి.

2023 సెప్టెంబరు 17న కేంద్రం ప్రారంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకం 18 వృత్తులను గుర్తించింది. అందులో కమ్మరి ఉన్నాడు. సుత్తెలు, పనిముట్లు చేసేవాడు ఉన్నాడు. వెల్డరు లేడు. చక్రపు పట్టాను ఇసుక చల్లి సమ్మెటతో అతికిన తాత పేరు ఆ జాబితాకు సరిపోతుంది. అదే ఊరి రహదారి మీద ట్రాలీ చానలుకు చేపతోక పలక అతుకుతున్న మనవడి పేరు సరిపోదు.